రికార్డరు పార్టీ

ఒక్క మాట చాటున నేను రెండేళ్ళు హాయిగా దాక్కున్నాను. ఆ మాటే తర్వాత నన్ను ఊరందరి ముందూ నిలబెట్టేసింది. ఆ మాట రికార్డరు. ఇప్పటికీ మా ఊళ్ళో ఆ మాట వినబడితే ఎవరో ఒకరు మా ఇంటివైపు చూసి నవ్వుతారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు నేనూ నవ్వుతాను, కాకపోతే వాళ్ళకంటే కాస్త ఆలస్యంగా.

తొంభైల చివరి సంగతి. మా పుట్టిల్లు టెక్కలి. నన్నిచ్చింది వజ్రపుకొత్తూరు దాటాక సముద్రం వైపు, ఉద్దానం తోటల మధ్య ఉన్న ఒక ఊరికి. కొబ్బరితోట, కొంచెం జీడితోట, ఇంట్లో ముగ్గురం. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. మా ఆయన కొబ్బరికాయల లారీల వెంట ఒడిశా దాటి పైకి వెళ్ళేవాడు, నెలలో సగం రోజులు ఇంట ఉండడు. మిగిలింది మామగారూ నేనూ. ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నేను మాట్లాడకుండా ఉండలేని మనిషిని. కోపం కూడా ఎక్కువే, ముక్కు మీదే ఉంటుంది. అయినా ఇద్దరికీ బాగానే సాగేది. డిగ్రీ చదివిన కోడలు ఇంట్లో కూర్చోవడం ఎందుకని పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో ఒక కాన్వెంటులో తెలుగు టీచరుగా చేరమన్నది ఆయనే. మా వైపు ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా కాన్వెంటే.

ఆ బడిలో ఇంగ్లీషు చెప్పే టీచరమ్మది కేరళ. ఆవిడ భర్త పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి మేనేజరుగా వచ్చాడు. ఆవిడ తెలుగును పుస్తకాల్లోంచి నేర్చుకుంది. అందుకని ఏం మాట్లాడినా వాచకంలో పాఠం చదివినట్టుండేది. ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆవిడ పొడవాటి పెట్టె ఒకటి తెరిచింది. లోపల గుడ్డల్లో చుట్టిన నాలుగు గొట్టాలున్నాయి. చిన్నది జానెడున్నర, పెద్దది నిలబెడితే నడుము దాకా వస్తుంది.

"ఇవి రికార్డర్లు," అంది.

నేను మూడోదాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "క్యాసెట్ ఎక్కడ పెడతారండీ?" అని అడిగాను.

ఆవిడ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నాకు తెలియనిదానికి నవ్వితే నాకు గిట్టదు. చేతిలో ఉన్నదాన్ని నోట్లో పెట్టుకుని బలంకొద్దీ ఊదాను. కీచుమని వచ్చిన చప్పుడుకి పక్క గదిలో ఒకటో తరగతి పిల్లలు ఏడుపు లంకించుకున్నారు.

"ఊదవద్దు," అంది టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ. "శ్వాస మాత్రమే విడువుము."

ఆ 'విడువుము'కి ఈసారి నేను నవ్వాను. ఇద్దరికీ చెల్లుకు చెల్లయింది.

రికార్డరు మన పిల్లనగ్రోవికి వేలువిడిచిన చుట్టం. పిల్లనగ్రోవిని అడ్డంగా పట్టుకుంటాం, దీన్ని నిలువుగా. మూతి దగ్గర ఈలకున్నట్టు చీలిక ఉంటుంది, గాలి దాని దారి అది చూసుకుంటుంది. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. పై స్థాయి కావాలంటే ఆ వెనక రంధ్రాన్ని గోరుమందం మాత్రమే తెరవాలి. ఆ గోరుమందం నాకు చిక్కడానికి ఆరు నెలలు పట్టింది. టీచరమ్మ చిన్నప్పుడు హాస్టల్లో సిస్టర్ల దగ్గర నేర్చుకుందట. పెళ్ళయినప్పటి నుంచీ ఆ పెట్టెను ఊరూరూ మోసుకు తిరుగుతోంది గానీ, కలిసి వాయించడానికి ముగ్గురు మనుషులు ఎక్కడా దొరకలేదు. "ఇది నలుగురు కూర్చుండి వాయించునది. ఒక్కదాన్నే నేనేమి చేయగలను?" అంది. అప్పుడు ఆవిడ మొహం చూస్తే నాకు జాలేసింది. సరే, నేనొస్తాను అన్నాను. సంగీతం మీద ప్రేమ గీమ ఏమీ లేదు అప్పటికి. ఉన్నది జాలే.

మిగతా ఇద్దరినీ ఆవిడే పట్టింది. ఒకాయన పలాస స్టేషన్లో టిక్కెట్లిచ్చే గుమాస్తా. ఇచ్ఛాపురం పక్క మనిషి, ఇంట్లో ఒడియా, బయట తెలుగు. వేదిక ఎక్కాలని, మైకు ముందు కూర్చోవాలని ఆయనకి చిన్నప్పటి నుంచీ కోరిక. ఇంకొకామె ఆ ఫ్యాక్టరీలోనే జీడిపిక్కలు కొట్టే ఆమె. గొంతు బాగుంటుందని, పనిలో పాడుతుంటే విని టీచరమ్మ పిలుచుకొచ్చింది. జీడి తొక్కలోని నూనెకి ఆమె వేళ్ళ కొసలు నల్లబడి గరుకెక్కిపోయాయి. రంధ్రం మూసినా సందులోంచి గాలి పోయేది. వారమంతా పడుకునే ముందు వేళ్ళకి కొబ్బరినూనె పట్టించి, ఆదివారం శెనగపిండితో రుద్ది కడుక్కుని వచ్చేది. మా ముగ్గురిలో అందరికంటే ముందు శుభ్రంగా వాయించింది ఆమే. నాకు అసూయగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

టీచరమ్మ ఇల్లు ఫ్యాక్టరీ వెనక మేడ మీద. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి భోజనాల బల్ల చుట్టూ నలుగురం కూర్చునేవాళ్ళం. కిటికీ తెరిచినా మూసినా కాల్చిన పిక్కల వాసన గదిలోనే ఉండేది. చిన్నది టీచరమ్మది, రెండోది ఫ్యాక్టరీ ఆమెది, మూడోది నాది, పెద్దది గుమాస్తా గారిది. ఆవిడ దగ్గర చేత్తో ఎత్తి రాసుకున్న పుస్తకం ఒకటి ఉండేది. అందులోని పాటలన్నీ నాలుగైదు వందల ఏళ్ళ కిందట పడమటి దేశాల్లో ఇళ్ళల్లో కూర్చుని వాయించుకున్నవట. చాలావరకు డాన్సుల కోసం కట్టినవి. డాన్సంటే ఎగిరేది కాదు, ఆడా మగా చేతులు పట్టుకుని మెల్లగా నడిచేది. ఆ మెల్లటి నడక డాన్సుని పావన్ అంటారు. గుమాస్తా గారు దాన్ని మొదటి రోజు నుంచే పావనం అన్నారు, చివరి దాకా అదే అన్నారు.

రికార్డరులో ప్రతి స్వరం ముందూ నాలుకతో చిన్నగా తట్టాలి. ఎలా తట్టాలో టీచరమ్మ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చింది. గుమాస్తా గారు దాన్ని అందరికీ అర్థమవ్వాలని తెలుగులోకి 'టు, టు, టు' అని దింపారు. ఇంగ్లీషు టీ అంటే మనకి ట కదా. టీచరు, టిక్కెట్టు, టేబులు. నెల్లాళ్ళు ముగ్గురం నాలుక మడిచి టుటుటు అని దంచాం. ప్రతి స్వరం ముందూ టక్కుమని చప్పుడు. ఆవిడకి ఎందుకో అంతుపట్టలేదు. చివరికి ఒక ఆదివారం, "గొట్టము పక్కన పెట్టి నోటితో పలుకుము," అంది నాతో. పలికాను. ఆవిడ తల పట్టుకుని, "ట కాదు! త! పళ్ళ వెనుక త!" అంది.

"మరి ఆ ముక్క ముందే చెప్పాలి కదండీ. తెలుగు టీచర్ని పక్కన పెట్టుకుని!" అని నేను ఎగిరాను. నిజానికి తప్పు ఎవరిదీ కాదు. తుతుతు అనేసరికి గొట్టాల గొంతులు మెత్తబడ్డాయి. ఇంకా మెత్తగా కావాలనుకుంటే ఆ పాతకాలం వాళ్ళు తురు తురు అని, లెరె లెరె అని నాలుక ఆడించేవాళ్ళట. ఎన్నో వందల ఏళ్ళ కిందటి మనుషుల నాలుకలు ఎలా కదిలాయో పలాసలో ఒక మేడ మీద కూర్చుని నేర్చుకోవడం నాకు విచిత్రంగా ఉండేది. అక్కడే నాకు ఇష్టం మొదలైంది.

నా కష్టం వేరే. మూడో గొంతుకి, అంటే నా గొట్టానికి, సొంతంగా పాట ఉండదు. పైవాళ్ళు పాడుతుంటే మధ్యలో నాలుగు స్వరాలు, తర్వాత ఖాళీ, మళ్ళీ రెండు స్వరాలు. ఆ ఖాళీలు లెక్కపెట్టాలి. ఒకటి రెండు మూడు నాలుగు అని కాలితో లెక్కపెడుతూ కూర్చోవడం నావల్ల కాదు. ఎప్పుడూ ముందే దూకేదాన్ని. దూకాక అందరూ ఆగి నావైపు చూసేవారు. "మేడమ్ గారికి బండి తప్పిపోతాదని తొందర," అనేవారు గుమాస్తా గారు. నేను రికార్డరు బల్లమీద పెట్టి వెళ్ళిపోతానని రెండుసార్లు లేచాను కూడా. రెండుసార్లూ ఫ్యాక్టరీ ఆమె కొంగు పట్టుకు కూర్చోబెట్టింది. "సెవులిటు పెట్టు సెల్లీ, లెక్క ఎందుకు? మేం ఆపినకాడ నువ్వు అందుకో," అంది. లెక్క మానేసి చెవులు వాళ్ళకి అప్పగించాక నాకు పని తేలికైంది. మా ఇంట్లో ఎవరూ నమ్మరు గానీ, నేను ఊరుకోవడం నేర్చుకున్నది అక్కడే.

ఇక ఇంటి సంగతి. మొదటి ఆదివారం బయల్దేరుతుంటే మామగారు ఎక్కడికని అడిగారు.

"రికార్డరు నేర్సుకోడానికి మావా. మా టీచరమ్మ నేర్పుతాది," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. "మంచి పని, అమ్మీ. మనది కూడా ఆర్నెల్ల బట్టి టేపు నమిలేత్తంది. నేర్సుకున్నాక సూడు."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ పెళ్ళయిన ఆడది ఆదివారం పూట పలాస పోయి గొట్టం ఊదుకుని వస్తుందంటే ఊళ్ళో ఎవరు ఒప్పుతారు? బాగుచేయడం నేర్చుకుంటుందంటే పనికొచ్చే చదువు. నేను నోరు మెదపలేదు. మా ఆయనకి మాత్రం చెప్పాను. ఆయన నవ్వి, "నాన్నకి నువ్వే సెప్పుకో, నాను సెప్పను," అని లారీ ఎక్కేశాడు.

దాంతో నేను ఊరికి రికార్డరు టీచరమ్మనైపోయాను. వారానికి ఒకరు టేపు రికార్డరు చంకలో పెట్టుకుని వచ్చేవారు. హెడ్డు మీద దూదితో స్పిరిట్ రాస్తే సగం బాగుపడేవి. చిక్కుపడ్డ టేపుని పెన్సిల్ పెట్టి చుడితే ఇంకొన్ని. అప్పటికీ లొంగనివాటిని సంచిలో పెట్టుకుని పలాస తీసుకెళ్ళి, గుమాస్తా గారికి తెలిసిన షాపులో ఇచ్చి, మరుసటి ఆదివారం తెచ్చేదాన్ని. "సదువుకున్న కోడలు అంటే అదీ," అని మామగారు టీ కొట్టు దగ్గర చెప్పుకునేవారట. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా నాకు సిగ్గేసేది. సాధన మాత్రం జీడితోటలో చేసేదాన్ని, పిక్కలేరడానికి వెళ్ళినప్పుడు, సముద్రపు హోరులో ఎవరికీ వినబడకుండా. రెండేళ్ళు అలా గడిచిపోయాయి.

మూడో వేసవిలో గుమాస్తా గారు ఒక ఆదివారం మెట్లెక్కుతూనే కేకేశారు. "ప్రోగ్రాం వచ్చింది! అమ్మవారి సంబరాలకి పిలిచినారు! టేజీ, మైకు, అన్నీ ఆలవే!"

ఏ ఊరని అడిగాం. ఆయన చెప్పింది మా ఊరు.

జరిగిందేమిటంటే, మా ఊరి కమిటీ వాళ్ళు ఇద్దరు రైలు టిక్కెట్ల కోసం స్టేషన్‌కి వెళ్ళారు. కౌంటరు దగ్గర మాటల్లో సంబరాలకి ఏదైనా మంచి పార్టీ కావాలని అనుకుంటుంటే ఈయన కిటికీలోంచి తల పెట్టి, "మాది రికార్డరు పార్టీ ఉంది," అన్నారు. వాళ్ళు డాన్సు ఉంటాదా అని అడిగారు. ఉన్నమాటే చెప్పారాయన. "ఉంటాదండి. అన్నీ డాన్సులే. పాతవి." పాతవైతే మరీ మంచిది, పెద్దోళ్ళు కూడా సూత్తారు అని వాళ్ళు సంబరపడి తాంబూలం ఇచ్చి ఖాయం చేసేశారు. ఆడోళ్ళు ఎంతమంది అని కూడా అడిగారట. ముగ్గురు అని చెప్పారట.

రికార్డింగ్ డాన్సంటే తెలియనివాళ్ళు మా వైపు ఉండరు. సినిమా పాటలు పెట్టి వేదిక మీద ఆడతారు. పొద్దుపోయేకొద్దీ ఆ ఆట ఎటు పోతుందో అందరికీ తెలుసు. మా మామగారు కమిటీలో ఉన్నన్నాళ్ళూ ఆ డాన్సు ఊళ్ళోకి రానివ్వలేదు. దానికోసమే తగువు పడి కమిటీలోంచి బయటికొచ్చేశారు. కానీ ఆ రోజు మేడ మీద కూర్చున్నప్పుడు కమిటీ వాళ్ళు మమ్మల్ని ఆ డాన్సు పార్టీ అనుకుంటున్నారని నాకు తట్టనే లేదు. గుమాస్తా గారికీ తట్టలేదు. నా భయమంతా మామగారికి నా గొట్టం సంగతి బయటపడుతుందనే. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ వారం దాటించేశాను.

సంబరాలకి మూడు రోజుల ముందు, పొద్దున్నే వాకిట్లో మామగారూ నేనూ జీడిపళ్ళ నుంచి పిక్కలు వేరు చేస్తున్నాం. మైకు కట్టిన ఆటో వీధిలోకి వచ్చింది. "సంబరాల సందర్భంగా పలాస రికార్డరు పార్టీ వారి రికార్డింగ్ డాన్సు! ముగ్గురు లేడీసు! అందరూ రావాలి!"

మామగారు చేతిలో పండు కింద పడేసి లేచారు. "మల్లా అదే తెచ్చినారు. సిగ్గునేని ఎదవలు. అమ్మవారి ముందర ఆడోళ్ళని ఎగిరిత్తారా?"

"అది డాన్సు కాదు మావా!" అని నేను కూడా లేచాను. నాకు వచ్చిన కోపం కూడా ఆ మైకు మీదే. నా రికార్డరుని అంతమాట అన్నారని.

"నీకెలాగ తెలుసు?"

ఇక దాగడానికి చోటు లేదు. "ఆ పార్టీలో నానున్నాను," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "టేపు రికార్డర్లు బాగుసేసేవోళ్ళకి పార్టీ ఏటమ్మీ?"

లోపలికెళ్ళి బియ్యం డబ్బా వెనక నుంచి గుడ్డసంచి తెచ్చి, రికార్డరు తీసి ఆయన చేతిలో పెట్టాను. రెండేళ్ళ కథా నిలబడే చెప్పేశాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశారు. రంధ్రాల మీద వేళ్ళు పెట్టి చూశారు.

"అయితే రెండేల్ల బట్టి నాతో అబద్దం ఆడేవు."

"అబద్ధం ఆడలేదు మావా. మీరలాగ అనుకున్నారు. నాను ఊరుకున్నాను."

"రెండూ ఒకటే," అన్నారు.

అంత నిదానంగా అన్నారు కనుకే నాకు ఆ మాట తగిలింది. తిట్టి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. వద్దంటే స్టేజీ ఎక్కనన్నాను. ఆయన రికార్డరు నాకు తిరిగిచ్చి, "ఆలకి మాటిచ్చినారు కదా, ఎల్లాల. నాను మాత్రం ఆ పక్కకి రాను," అని మళ్ళీ పళ్ళ ముందు కూర్చున్నారు.

అన్నమాట ప్రకారం ఆయన రాలేదు. మేం వెళ్ళాం. కమిటీ వాళ్ళకి చెప్పి మానిపించేద్దామని నేనంటే గుమాస్తా గారి మొహం వాడిపోయింది. టీచరమ్మ, "డాన్సులని చెప్పితిమి, డాన్సులే వాయించెదము. ఇందులో మోసమేమున్నది?" అంది. ఆవిడకి రికార్డింగ్ డాన్సంటే ఏమిటో మేం ఎంత చెప్పినా సగమే ఎక్కింది.

పొద్దు వాలుతుండగా స్టేజీ ఎక్కాం. రెండు ట్రాక్టర్ తొట్టెల మీద చెక్కలు పరిచి కట్టారు. కింద జనం కిటకిటలాడుతున్నారు. ముందు వరసలో కుర్రకారు అప్పుడే ఈలలు మొదలెట్టారు. పట్టుచీరల్లో మేం ముగ్గురం, ఇస్త్రీ చొక్కాలో గుమాస్తా గారు, నాలుగు కుర్చీల్లో కూర్చున్నాం. మొదటి పావన్ ఎత్తుకున్నాం. శబ్దం రాలేదు.

నలుగురం ఊదుతున్నాం, వేళ్ళు కదులుతున్నాయి, ఒక్క చప్పుడు లేదు. స్టేజీ సముద్రానికి ఎదురుగా కట్టారు. సాయంత్రపు గాలి తిన్నగా వచ్చి చీలికలో దూరి, మా ఊపిరిని ఎత్తుకుపోతోంది. మేడ మీద గదిలో తప్ప ఎక్కడా వాయించని మాకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? కింద నవ్వులు. టీచరమ్మ లేచి నిదానంగా తన కుర్చీ వెనక్కి తిప్పి, గాలికి వీపు పెట్టి కూర్చుంది. మేమూ తిప్పుకున్నాం. అంటే ఊరందరికీ వీపులు చూపించి కూర్చున్నామన్నమాట.

"మొకాలు సూపించరేటి?" అని ఒకడు అరిచాడు. "డాన్సు ఎప్పుడు?" అని ఇంకొకడు. కమిటీ సెక్రటరీ స్టేజీ ఎక్కి గుమాస్తా గారి చెవిలో, "బాబూ, డాన్సు మొదలెట్టండి, జనం ఆగలేకపోతన్నారు," అన్నాడు. గుమాస్తా గారు గొట్టం మూతి దగ్గర నుంచి తీసి, "ఇదే డాన్సండి," అన్నారు. ఆ మాట మైకులో పడింది. ఊరు గొల్లుమంది.

లేచి వాళ్ళందరికీ గడ్డి పెట్టాలనిపించింది. కానీ టీచరమ్మ అప్పటికే మళ్ళీ ఎత్తుకుంది, రెండో గొంతు అందుకుంది, నా వంతు వచ్చేస్తోంది. తిట్టడానికి సమయం లేదు. అందుకున్నాను. వీపు వెనక ఏం జరుగుతోందో కనబడదు. కనబడేది ముగ్గురి వేళ్ళు, వాళ్ళ వెనక కొబ్బరిచెట్లు. పక్కన ఆమె గరుకు వేళ్ళ కింద నుంచి ఇసుమంత గాలి కూడా పోవడం లేదు. మేం నలుగురం ఒకేసారి ఊపిరి తీసుకున్నాం, ఎవరూ సైగ చేయకుండానే. నా జన్మలో అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను. ఊరు నవ్వుతున్నప్పుడే ఉన్నాను.

ఆరు పాటలు వాయించాం. చివరికి కుర్చీలు తిప్పి చూస్తే కుర్రకారు మిఠాయి కొట్ల వైపు పోయారు. నేలమీద ముప్పై మంది దాకా మిగిలారు, ఎక్కువ మంది ముసలివాళ్ళు, పిల్లల్ని ఒళ్ళో వేసుకున్న ఆడవాళ్ళు. ఒక ముసలమ్మ, "ఒలమ్మ, నిద్దరొచ్చినట్టుంది, ఇంకోటి ఏయండర్రా," అంది. గుమాస్తా గారు దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని ఇంకోటి వేయించారు.

అంతటితో పోయుంటే బాగుండేది. మర్నాటి నుంచి ఊరికి కొత్త ఆట దొరికింది. నన్నెవరూ ఏమీ అనలేదు. నా నోటికి భయపడతారు. అంతా మామగారి మీద పడ్డారు. టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చోగానే, "మావా, రికార్డింగ్ డాన్సు వద్దన్నావు గదా, నీ కోడలే పార్టీ ఎట్టేసిందేటి?" అని ఒకరు. "మావా, కోడలి డాన్సు మల్లా ఎప్పుడు?" అని ఇంకొకరు. ఆయన జవాబిచ్చే మనిషి కాదు. మూడు రోజులు టీ తాగి లేచి వచ్చేశారు. నాలుగో రోజు నుంచి వెళ్ళడం మానేశారు. ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి, వాకిట్లోనే కూర్చుని నేను పెట్టిన టీ తాగుతున్నారు. బాగుందనీ బాగోలేదనీ అనరు. నాకు ఆ గ్లాసు చూస్తే ఏడుపొచ్చేది. ఏనాడూ ఎవరి ముందూ తల దించని మనిషి నా మూలంగా ఇంట్లో కూర్చున్నాడు.

నేను ఒక ఆదివారం పలాస వెళ్ళలేదు. జ్వరమని కబురు పంపాను. రెండో ఆదివారం కూడా అంతే. ముగ్గురూ ఆ బల్ల దగ్గర కూర్చుని నా ఖాళీ కుర్చీ చూస్తూ ఉంటారని తెలుసు. మూడు గొంతులతో ఆ పుస్తకంలో వాయించడానికి ఏమీ లేదని కూడా తెలుసు. అయినా తేల్చుకున్నాను. ఆ మర్నాడు పొద్దున మామగారు వాకిట్లో కొబ్బరిపీచు ఒలుస్తున్నారు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"మావా, నాను ఇంక పలాస ఎల్లను. మానీసేను."

ఆయన ఒలవడం ఆపలేదు. "ఎందుకు?"

"నా మూలంగా మీరు టీ కొట్టుకి ఎల్లడం నేదు."

"అది నా ఇట్టం." ఇంకో కాయ తీసుకున్నారు. దాన్నీ ఒలిచి పక్కన పడేశారు. అప్పుడన్నారు. "నువ్వు మానీసేవనుకో, ఆలన్నదే నిజమైపోద్ది. తప్పుడు పని సేసింది గాబట్టే మానీసింది అంటారు. తప్పేటి సేసేవు? నాకు సెప్పకపోడం తప్పు. అది నాకూ నీకూ మద్దెన. ఊదడం తప్పు కాదు."

నేను ఎప్పటిలాగే వాదించడానికి నోరు తెరిచాను. ఏడుపొచ్చేసింది. కొంగు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. ఆయన నావైపు చూడకుండా ఒలిచిన పీచు కుప్పగా తోస్తూ కూర్చున్నారు.

"అయితే మీరు మానీడం తప్పు కాదేటి?" అన్నాను చివరికి, ముక్కు తుడుచుకుంటూ. "మీరు ఇంట్లో కూకుంటే కూడా ఆలన్నదే నిజమైపోద్ది కదా. మీరు ఎల్తేనే నాను ఎల్తాను."

ఆయన చేతిలో కాయ కింద పెట్టారు. తర్వాత లేచి చేతులు దులుపుకుని, దండెం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుని, టీ కొట్టు వైపు నడిచారు.